దుప్పటికి అవతలి కొస

ఫట్.

తర్వాత గాలి. గాలి వెనకాల ఎక్కడో సముద్రం గొంతు సవరించుకుంటున్న చప్పుడు. మళ్ళీ ఫట్.

గేటు దగ్గర సంచులు దింపుకుని నిలబడిపోయాను. ఎవరో గాలి చెంప ఛెళ్ళుమనిపిస్తున్నట్టుంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా సరుగుడు చెట్ల మీంచి పిట్టలు లేచి, "ఓ, ఇదేనా" అన్నట్టు మళ్ళీ అవే కొమ్మల మీద వాలుతున్నాయి. వాటికి అలవాటేనన్నమాట.

ఇంటి పక్కనుంచి వెనక్కి వెళితే పెరడంతా తెల్లగా ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తాళ్ళు, తాళ్ళ నిండా దుప్పట్లు. ఒకటి ఉబ్బుతుంటే పక్కది ఊపిరి వదులుతోంది. వాటి మధ్య రెండు చేతులు మాత్రం కనిపించాయి. చేతులు పైకి లేచి ఒక దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించాయి. ఫట్! సన్నటి ఇసుక ఎండలో ఒక్క క్షణం మెరిసి రాలిపోయింది.

"ఎవరూ?" అని అడిగింది దుప్పటి.

"సాయంత్రం బస్సులో వచ్చేవాళ్ళ తాలూకు మనిషిని. ఏర్పాట్లు చూడమని నన్ను ముందు పంపారు."

"ఏర్పాట్లు ఎక్కడికీ పోవు. ముందు ఆ కొస పట్టుకోండి."

పట్టుకున్నాను. దుప్పటి పక్కకి జరిగి, వెనకనుంచి నోట్లో రెండు క్లిప్పులు పెట్టుకున్న ఒక ముఖం బయటికొచ్చింది. యాభై దాటిన మనిషి. ఎండకి కాగిన ఒళ్ళు, నీళ్ళకి నానిన వేళ్ళు. ఆవిడని అందరూ దుప్పట్లక్క అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండే ఉంటుంది. దాన్ని ఎవరూ పెద్దగా వాడినట్టు లేదు.

"కొస అంటే ఒక్క కొస కాదు బాబూ, రెండూ పట్టుకోవాలి. అంత చదువు చదివి దుప్పటి మడతపెట్టడం రాదా?"

"మా ఇంట్లో దుప్పట్లు మడతపెట్టరు అక్కా. మంచం మీదే ఉంటాయి."

"ఆహా. మీ ఆవిడ వస్తోందిగా సాయంత్రం, అడుగుతాను" అంది. నేను వెంటనే రెండో కొస కూడా పట్టుకున్నాను.

ఆ ఇల్లు పొలాలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది. కింద ఒకే ఒక్క పొడవాటి హాలు. అందులో పడవంత బల్ల. గోడల వెంబడి మంచాలు, మంచాల మీద మంచాలు. పైన నాలుగైదు గదులు. ఒకరూ ఇద్దరూ ఉండే ఇల్లు కాదది. గుంపులుగా వస్తారు: చెల్లాచెదురైన బంధువులు, ఒకప్పుడు కలిసి చదువుకుని ఇప్పుడు బట్టతలలైనవాళ్ళు, ఒకే ఆఫీసులో రోజూ తిట్టుకునేవాళ్ళు. రెండు మూడు రోజులుండి, ఇసుకంతా పరుపుల్లో వదిలి వెళ్ళిపోతారు. ఆ ఇసుకని మళ్ళీ సముద్రానికి అప్పగించడం దుప్పట్లక్క పని.

"రెండు కొసలూ కలపండి. ఇప్పుడు నా దగ్గరికి రండి. ఇచ్చేయండి. కింద మడత అందుకోండి. వెనక్కి వెళ్ళండి."

దగ్గరికి వెళ్ళడం, చేతికివ్వడం, దూరం జరగడం. దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ మెల్లగా మాట్లాడేది, దూరం జరిగినప్పుడు గాలి మీదుగా గొంతు పెంచేది. అందుకని ఆవిడ చెప్పిందంతా నాకు అలలు అలలుగా చేరింది.

ఆ ఇల్లు కట్టించింది ఒక పళ్ళ డాక్టరు. చిన్నప్పుడు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అంతా ఒకే చాప మీద, ఒకరి కాళ్ళు ఒకరి మీద వేసుకుని పడుకున్న మనిషి. పెద్దయ్యాక ఒక్కొక్కరూ ఒక్కో దిక్కుకి పోయారు. కనీసం సెలవుల్లోనైనా అందరూ మళ్ళీ ఒకే కప్పు కింద పడుకోవాలని అంత ఇల్లు కట్టాడట. "జీవితమంతా ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి నోరు తెరిపించాను, ఇక్కడ అందరూ ఒకేసారి తెరవాలి" అనేవాడట. తమ వాళ్ళు రాని రోజుల్లో ఇల్లు ఊరికే ఉండటమెందుకని ఇతరులకీ ఇవ్వడం మొదలుపెట్టాడు.

తలుపులకీ మంచాలకీ పడవలు చేసే వడ్రంగిని పిలిపించాడు. ఆ వడ్రంగే దుప్పట్లక్క భర్త. అందరూ మేస్త్రి అంటారు.

"తలుపులు బిగించడానికొచ్చాం. బిగించాం. సామాన్లు సర్దుకుని బయల్దేరుతుంటే డాక్టరుగారు గుమ్మంలో నిలబడి, 'ఇన్ని తలుపులు బిగించావు, మరి వీటిని పొద్దున్నే తీసేదెవరయ్యా?' అన్నారు. మా ఆయన నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. అంతే. వెనక్కి వెళ్ళండి."

వెనక్కి వెళ్ళాను.

డాక్టరుగారు ఉన్నన్నాళ్ళూ, వచ్చినప్పుడల్లా దుప్పటికి అవతలి కొస ఆయనే పట్టుకునేవాడు. ఎప్పుడూ తిరగేసే మడిచేవాడు, లోపలి వైపు పైకొచ్చేలా. మిగతా రోజుల్లో మేస్త్రి పట్టేవాడు. తర్వాత డాక్టరుగారు పోయారు. ఆయన భార్య, డాక్టరు కాకపోయినా అందరూ డాక్టరమ్మ అంటారు, ఆ తర్వాత ఇటువైపు రాలేదు. బుకింగులు పట్నంలో ఏదో ఆఫీసు చూసుకునేది. ఆవిడ అప్పుడప్పుడూ ఫోన్ చేసి "ఇల్లెలా ఉంది?" అని మాత్రం అడిగేది. "అంతా బాగుందమ్మా, ఏ గోలా లేదు" అని దుప్పట్లక్క జవాబు. ఎప్పుడడిగినా అదే జవాబు.

ఈలోగా మేస్త్రి మోకాళ్ళు మొరాయించాయి. ఇద్దరూ ఉండేది పైన, చివరి గదిలో. అతిథులు పిలిస్తే వినపడేలా అక్కడో గంట ఉండేది.

"మెట్లన్నీ ఆయనే చేశాడు. చేసినవాడి మీదే కక్ష కట్టాయి. ఎక్కేటప్పుడు మెట్టు మెట్టునీ తిట్టేవాడు, దిగేటప్పుడు నన్ను తిట్టేవాడు. ఎన్నాళ్ళు పడతాను? వెనక సామాన్ల గది ఉంది కదా, విరిగిన కుర్చీలూ గొడుగులూ పెట్టేది, అది ఖాళీ చేసి, మంచం వేసి, దింపేశాను. ఆయన కింద, నేను పైన."

మేస్త్రి ఆ గదికి ఒక కిటికీ పెట్టుకున్నాడు, గుమ్మానికి నీలంరంగు వేసుకున్నాడు. ఒక గుంపుతో వచ్చిన పిల్లలు దాన్ని చూసి ముచ్చటపడి, అది పెద్దిల్లు అయితే ఇది చిన్నిల్లు అని పేరు పెట్టేశారు. పెట్టి ఊరుకోకుండా గుమ్మం పైన సుద్దతో రాశారు కూడా. రాతకి ఒత్తు మరిచిపోతే మేస్త్రే కుర్చీలో కూర్చుని దిద్దించాడట.

నాకు నవ్వు ఆగలేదు. "చిన్నిల్లా?"

"నవ్వండి, నవ్వండి. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని నాకు తెలీదా? మొదటి రోజు నేనూ నవ్వాను. రెండో రోజు నవ్వలేదు. రోజూ నోట్లో నానే మాట సబ్బుబిళ్ళ లాంటిది బాబూ. ముందు అరిగిపోయేది దాని మీది అక్షరాలే. మేస్త్రి ఏడీ అంటే చిన్నింట్లో ఉన్నాడు. రంపం ఎక్కడా అంటే చిన్నింట్లో ఉంది. నాకది గది, అంతే."

అప్పటినుంచి అవతలి కొస పట్టుకునేవాళ్ళు లేరు. దుప్పట్లక్క ఒక చివరని కిటికీ ఊచలకి ముడేసి, రెండో చివర తాను పట్టుకుని మడవడం నేర్చుకుంది. "కిటికీ మంచిదే, ఎదురు మాట్లాడదు. దగ్గరికి రమ్మంటే మాత్రం రాదు" అంది.

ఒకరోజు కొలతలాయన వచ్చాడు. చొక్కా జేబులో పెన్నులు, చేతిలో ఇనప టేపు. మర్యాదస్తుడే. గోడలు కొలిచాడు, హాలు కొలిచాడు, పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి తలవంచుకుని వెళ్ళి ప్రహరీ దాకా కొలిచాడు. ఎందుకని అడిగితే కాసేపు నసిగి చెప్పేశాడు. డాక్టరమ్మ ఇల్లు అమ్మేస్తోంది. కొనేవాళ్ళు హాలు అడ్డంగా కోసి గదులు చేస్తారు. "ఇప్పుడెవరూ గుంపుగా పడుకోవట్లేదమ్మా. ఇద్దరికో గది, గదికో తలుపు."

"తలుపులు నేను చేసిపెడతాను" అన్నాడు మేస్త్రి ఉత్సాహంగా.

"నేను మోచేత్తో పొడిచాను. అమ్మడమంటే మనమూ పోతామయ్యా అని తర్వాత చెప్తే, అప్పుడు వెలిగింది ఆయనకి. ఆ రోజంతా తాను చేసిన తలుపులన్నీ ఒక్కొక్కటే తీసీ వేసీ చూసుకుంటూ తిరిగాడు. ఎక్కడికి పోతాం? కూతురుంది, దాని ఇల్లు మా పైగది కన్నా చిన్నది. అల్లుడు మంచివాడే. మంచివాడు కదా అని నెత్తిన కూర్చుంటామా? ఈ వయసులో ఎవరి గుమ్మం ముందు నిలబడి, నాకు దుప్పట్లు ఉతకడం బాగా వచ్చు అని చెప్పుకోను?"

డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్తుందని కొలతలాయన అన్నాడు. గుంపులు వస్తున్నాయి, పాడుతున్నాయి, వెళుతున్నాయి. దుప్పట్లు ఉతుకుతూనే ఉంది. ఉతుకుతూనే ఫోన్ వైపు చెవి.

చివరికి మోగింది. ఆ సంభాషణని దుప్పట్లక్క రెండు గొంతులతో చెప్పింది. డాక్టరమ్మ గొంతుకి కాస్త ముక్కు బిగించింది.

"నీకో సంగతి చెప్పాలే. మీ ఆయన్ని కూడా పిలువు, ఇద్దరికీ ఒకేసారి చెప్తాను."

"ఆయన ఇక్కడ లేడమ్మా, చిన్నింట్లో ఉన్నాడు."



"ఏమన్నావ్?"

"చిన్నింట్లో ఉన్నాడమ్మా. రాత్రిళ్ళు కూడా అక్కడే. ఈ మధ్య పెద్దింట్లోకి రావడమే మానేశాడు."

"నీకు... నీకు తెలిసేనా?"

"నేనే వెళ్ళమన్నానమ్మా. రోజూ ఆ తిట్లు ఎవరు పడతారు? మొదట్లో కాస్త వెలితిగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది. కిటికీతో సర్దుకుంటున్నాను."

డాక్టరమ్మ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా వచ్చింది. "నువ్వేం దిగులుపడకు. రేపు నేనే వస్తున్నాను. ముందు అది తేలనీ, అసలు సంగతి తర్వాత."

ఫోన్ పెట్టేశాక దుప్పట్లక్క అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. రేపు వస్తుందట. అంత మెత్తగా మాట్లాడిందంటే అంతా అయిపోయినట్టే. కోతకి ముందు డాక్టర్లు అలాగే మాట్లాడతారు.

పొద్దున్నే ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసి నానబెట్టింది. ముందురోజు వెళ్ళిన గుంపువే కాదు, బీరువాలో మడతపెట్టి ఉన్నవి కూడా. అప్పగించేటప్పుడు ఇల్లు తెల్లగా ఉండాలని. మధ్యాహ్నానికి తాళ్ళన్నీ నిండిపోయాయి. ఆవిడ చివరి వరసలో ఉండగా కారు ఆగిన చప్పుడు, తలుపు గట్టిగా వేసిన చప్పుడు. డాక్టరమ్మ పెద్దింటి వైపు చూడనైనా చూడలేదట. తిన్నగా సామాన్ల గది ముందు కూర్చుని కుర్చీకాలు చిత్రిక పడుతున్న మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. దుప్పట్లక్క అడుగు ముందుకు వేయలేక, దుప్పటి చాటునే ఆగిపోయింది.

"ఏమయ్యా మేస్త్రీ, సిగ్గుందా నీకు?"

మేస్త్రి లేవబోయాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. "కూర్చునే మాట్లాడతానమ్మగారూ, ఏమనుకోకండి. సిగ్గెందుకమ్మా?"

"ఈ వయసులో నీకు చిన్నిల్లు కావాల్సొచ్చిందా?"

"వయసులో ఉన్నప్పుడు అవసరం పడలేదమ్మా. ఇప్పుడే అవసరం."

"ఛీ! పెద్దింట్లో ఏం తక్కువైందయ్యా నీకు?"

"తక్కువేం కాలేదమ్మా. మెట్లే ఎక్కువయ్యాయి."

"మాట తప్పించకు! దాని ఉసురు తగలదూ నీకు? ఎంత కుమిలిపోతోందో!"

"ఎవరు, మా ఆవిడా?" మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "ఆవిడే కదమ్మా చెయ్యి పట్టుకుని దిగబెట్టింది. దుప్పటీ దిండూ ఆవిడే సర్దింది. పొద్దున్నే టీ కూడా అక్కడికే తెచ్చిస్తుంది."

డాక్టరమ్మ బోర్లించిన బకెట్ మీద కూలబడింది. "టీ కూడానా! ఎలాంటి మనిషయ్యా అది... సరే, సూటిగా అడుగుతున్నాను. ఎవరిదా చిన్నిల్లు?"

"ఎవరిదేంటమ్మా, మీదే."

"నాదా?"

"మీరూ డాక్టరుగారూ కలిసే కదమ్మా..."

"పోయినాయన్ని కూడా లాగుతున్నావా ఇందులోకి!"

"లాగడమేంటమ్మా, ఆయనే దగ్గరుండి కట్టించారు. నేను తలుపొక్కటే పెట్టాను. బాగానే ఉంది కానీ, వానొస్తే కారుతోంది. అదొక్కటే బాధ."

"ఏం కారుతోంది?"

"చిన్నిల్లు" అని చేతిలోని చిత్రికతో వెనక్కి చూపించాడు మేస్త్రి.

నీలం గుమ్మం. దాని మీద సుద్దతో, చిన్నపిల్లల అక్షరాలు, ఒత్తు మాత్రం పెద్దవాళ్ళ సాయంతో సరిగ్గా. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది సామాన్ల గది కదూ?"

"అవునమ్మా."

"నువ్వు ఇందులో పడుకుంటున్నావా?"

"అవునమ్మా."

"ఒక్కడివేనా?"

"రంపం, గొడుగులూ కూడా ఉంటాయమ్మా."

ఇక్కడ దుప్పట్లక్క మడత ఆపేసి, దుప్పటి గుండెలకి హత్తుకుని నిలబడింది. "వానాకాలం తలుపు బిగుసుకుపోతుందే, అలా బిగుసుకుపోయుంది బాబూ ఆవిడ నవ్వు. ముందు ఏదో కిర్రుమంది. దగ్గు అనుకున్నాను. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఒక్కసారిగా తెరుచుకుంది. బకెట్ మీంచి పడబోయింది. మా ఆయనకి అర్థం కాలేదు కానీ, ఆవిడ నవ్వుతోంది కదా అని ఆయనా నవ్వాడు. డాక్టరుగారు పోయాక ఆవిడ నవ్విందో లేదో నాకు తెలీదు. నేనైతే వినలేదు. దుప్పటి వెనకాల నాకు మాత్రం ఏడుపొచ్చింది. నవ్వినంత మాత్రాన ఇల్లు అమ్మరా ఏంటి?"

చాటునుంచి బయటికి రాక తప్పలేదు. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, అప్పుడు చూసింది పెరడు వైపు. ఆ తెలుపంతా.

"ఇన్ని దుప్పట్లేంటే?"

"నిన్నటిదాకా మనుషులున్నారమ్మా. పాటలు పాడే గుంపు. గొంతులు పోయేదాకా పాడారు. ఎల్లుండి ఇంకో గుంపు వస్తోంది."

"ఎప్పుడడిగినా ఏ గోలా లేదంటావుగా?"

"మీకు గోల ఇష్టముండదేమో అనుకున్నానమ్మా. డాక్టరుగారు పోయి మీరు అలా ఉంటే, ఇక్కడ జనం గంతులేస్తున్నారని ఎలా చెప్పను?"

డాక్టరమ్మ చాలాసేపు ఆ దుప్పట్ల వైపే చూసింది. "వస్తున్నారు, పోతున్నారని ఆఫీసు వాళ్ళు చెప్తూనే ఉన్నారు. నువ్వేమో గోల లేదు, గోల లేదు అంటావు. కిటికీలు మూసుకుని, ఎవరో గుసగుసలాడుకుని వెళ్ళిపోయే ఇల్లే నాకు కళ్ళ ముందు కనిపించేది. అది తలుచుకోలేక..." అని ఆగి, "గోల కోసమేగానే ఆయన ఇంత ఇల్లు కట్టింది" అంది.

అప్పుడే సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మింది. మొదటి చినుకు మేస్త్రి కుర్చీకాలి మీద పడింది. అందరికన్నా ముందు కేకేసింది డాక్టరమ్మే: "దుప్పట్లు!"

ఇద్దరాడవాళ్ళూ తాళ్ళ మీద పడ్డారు. క్లిప్పులు ఎగిరాయి. చేతులనిండా, భుజాలనిండా దుప్పట్లతో హాల్లోకి పరిగెత్తారు. మేస్త్రి కూర్చున్న చోటునుంచే "అటు, అటు, ఆ మూలది!" అని సేనాపతిలా అరిచాడు. హాల్లో బల్ల మీద కుప్ప పోసి, ఊపిరి తీసుకుని, దుప్పట్లక్క అలవాటుగా ఒక దుప్పటి చివర కిటికీ ఊచకి కట్టబోయింది.

"ఇలా ఇవ్వు" అని డాక్టరమ్మ ఆ కొస అందుకుంది.

కలపడం, దగ్గరికి రావడం, ఇవ్వడం, దూరం జరగడం. బయట వాన. డాక్టరమ్మ తిరగేసి మడిచింది. దుప్పట్లక్క నోరుజారింది: "అచ్చం డాక్టరుగారిలాగే మడుస్తున్నారమ్మా." తర్వాత నాలుక కరుచుకుంది. డాక్టరమ్మ అలాగే, తిరగేసే, ఇంకొకటి మడిచింది.

దగ్గరికి వచ్చిన ప్రతిసారీ దుప్పట్లక్క అడుగుదామనుకుంది. దూరం జరిగేసరికి ధైర్యం పోయేది. చివరికి డాక్టరమ్మే అంది:

"నిన్న నేనెందుకు ఫోన్ చేశానో అడగవేం?"

"అడిగితే చెప్తారేమోనని భయమమ్మా."

సరిగ్గా అప్పుడు గుమ్మంలో కొలతలాయన, తడిసి ముద్దయి. డాక్టరమ్మని కలవడానికి ముందే అనుకున్న సమయానికి వచ్చాడు పాపం. టేపు మాత్రం చొక్కా లోపల తడవకుండా దాచుకున్నాడు. డాక్టరమ్మ ఆయనకొక తువ్వాలు విసిరింది. తల తుడుచుకోవడం కాగానే చేతికి దుప్పటి కొస ఇచ్చింది. ఆయన పట్టుకున్నాడు.

"టేపు తెచ్చావా బాబూ?"

"తెచ్చానండి."

"వెనక చిన్నిల్లుంది, దానికి ముందు వరండా వేయాలి. ఇద్దరు మనుషులు మంచం వేసుకుని కూర్చునేంత. పైకప్పు కూడా కారుతోందట. వాన తగ్గాక అది కొలువు."

కొలతలాయన దుప్పటి పట్టుకునే దిక్కులు చూశాడు. "మరి... పెద్దిల్లండీ?"

"పెద్దిల్లు కొలవక్కర్లేదు. అది సరిపోతుంది."

దుప్పట్లక్క ఇది చెప్పినప్పుడు మేమిద్దరం చివరి దుప్పటికి వచ్చాం. "ఎలా చెప్పను బాబూ. అన్నాళ్ళూ భయాన్ని మడతల మీద మడతలు పెట్టి కడుపులో దాచుకున్నాను. ఎవరో దాన్ని బయటికి లాగి, రెండు కొసలూ పట్టుకుని..." అని, చెప్పడం మానేసి, చేతిలోని దుప్పటిని గాలిలోకి ఎత్తి విదిలించింది.

ఫట్.

సరుగుడు చెట్ల మీద పిట్టలు లేచి, మళ్ళీ వాలాయి.

చిన్నింటికి ఇప్పుడు వరండా ఉంది. సాయంత్రం అక్కడ మేస్త్రిని చూశాను. కాళ్ళు చాపుకుని, మా బస్సు వచ్చేలోగా పెద్దింటి తలుపుకో గొళ్ళెం బాగుచేస్తున్నాడు. దుప్పట్లక్క కూడా ఇప్పుడు కిందే ఉంటుంది. పైగది గంటకి తీగ లాగి చిన్నింట్లోకి తెచ్చుకున్నారు.

"చెప్పిందా నా కథ?" అన్నాడు మేస్త్రి తలెత్తకుండానే. "నమ్మకండి. డాక్టరమ్మ నన్ను ఛీ అనలేదు. ఛీ ఛీ అంది. రెండుసార్లు."

మా వాళ్ళు దిగారు. మేనత్తలు, బావలు, పిల్లలు, పెట్టెలు, ఎవరి మంచం ఎవరిదన్న తగవులు. చీకటి పడకముందే హాలు తేనెపట్టులా అయిపోయింది. మా పెద్దబావ పై మంచమే కావాలని ఎక్కి, దిగలేక, మేస్త్రిని పిలవమన్నాడు. "మెట్ల సంగతి నన్నడక్కండి" అని వరండాలోంచే జవాబొచ్చింది. మా ఆవిడా దుప్పట్లక్కా బల్ల దగ్గర ఏదో మాట్లాడుకుని నా వైపు చూసి నవ్వారు. మంచం మీదే ఉండిపోయే దుప్పట్ల గురించేనని నాకు అర్థమైంది.

ఆ గోలలోనే ఫోన్ మోగింది. దుప్పట్లక్క తీసి, "ఉన్నారమ్మా, వచ్చేశారు" అంది. అవతల ఏదో అడిగినట్టుంది. "గోలా? మీరే వినండి" అని ఫోన్ చెవినుంచి తీసి, దీపం చూపించినట్టు, చెయ్యి చాచి హాలు వైపు పట్టుకుంది. మా మేనత్త పాడుతోంది, శ్రుతి తప్పింది. పిల్లలు పెద్దబావని కాళ్ళు పట్టి లాగుతున్నారు. ఎవరో పడ్డారు, అందరూ ఒకేసారి నోరు తెరిచి నవ్వారు. దుప్పట్లక్క చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. అవతల ఎవరో ఆ శబ్దాన్ని కళ్ళు మూసుకుని వింటున్నట్టు, ఆవిడ కూడా కళ్ళు మూసుకుంది.

వెళ్ళిపోయే రోజు పొద్దున మా పరుపుల్లో కావలసినంత ఇసుక వదిలేశాం. బస్సు హారన్ కొడుతున్నా నేను పెరట్లోకి వెళ్ళాను. తాళ్ళ మీద అప్పుడే మొదటి వరస ఉబ్బుతోంది. అవతలి కొస డాక్టరమ్మ పట్టుకుంటుందట, మధ్యాహ్నానికి వస్తోందట. ఈసారి తిట్టడానికి కాదు, తిరగేసి మడవడానికి.

"వెళ్ళొస్తానక్కా" అన్నాను.

దుప్పట్లక్క నోట్లోంచి క్లిప్పులు తీసింది.

"రండి బాబూ, గుంపు లేకుండా మీరొక్కరే వచ్చినా చోటుంటుంది, వరండాలో మంచం వేయిస్తాను. కానీ ఎక్కడికని ఎవరైనా అడిగితే చిన్నింటికి అని మాత్రం చెప్పి రాకండి, మిమ్మల్ని తిట్టడానికి వచ్చేవాళ్ళ దుప్పట్లు కూడా నేనే ఉతకాలి."